పండ్రెండు మాసముల వరకు

బాలలారా! మీ యింటికి ప్రతి మాసమును వచ్చు బిల్లులను ఎన్నడైనను తుదివరకు చదివితిరా? విద్యుత్తు బిల్లు, నీటి పన్ను రసీదు, వంటగ్యాసు చీటీ మొదలగువానిలో క్రిందనున్న మొత్తమును మాత్రము చూచి తక్కిన గీతలను విడిచిపెట్టుట పెద్దలకును అలవాటే. ఇటీవలి కాలమున ఈ వరుసలోనికి బ్రాడ్‌బ్యాండ్ బిల్లు కూడ వచ్చి చేరినది. ఇది చాల యిండ్లకు కాగితముపై రాదు. చేతిలోని ఫోనునకే వచ్చును. కావున దీనిని చదువువారు మరింత తక్కువ.

మన దేశమున సామాన్య ప్రజలకు అంతర్జాల సేవ మొదట లభించినది 1995వ సంవత్సరము ఆగస్టు 15వ తేదీన. ఆ దినములలో అది టెలిఫోను తీగ మీదుగ మిక్కిలి మెల్లగా నడచెడిది. 2004లో కేంద్ర ప్రభుత్వము బ్రాడ్‌బ్యాండ్ విధానమును ప్రకటించి, సెకనుకు 256 కిలోబిట్ల వేగమున్నచో దానిని బ్రాడ్‌బ్యాండ్ అనవచ్చునని నిర్ణయించెను. ఆ కనీస వేగము 2013లో 512 కిలోబిట్లకును, 2023లో 2 మెగాబిట్లకును పెంచబడినది. నేడు మన పట్టణములలో 100 మెగాబిట్ల పథకములు సర్వసాధారణములు. ఇచట ఒక సంగతి తెలిసికొనవలయును. మెగాబిట్టు వేరు, మెగాబైటు వేరు. ఎనిమిది బిట్లు చేరి ఒక బైటగును. కావున 100 మెగాబిట్ల వేగమనగా సెకనుకు పండ్రెండున్నర మెగాబైట్లు మాత్రమే. వేగమును బిట్లలో లెక్కించుట ఇంజనీర్ల పాత యాచారము. ప్రకటనలో పెద్ద సంఖ్య కనబడుటచే వర్తకులకును అది యనుకూలముగనే యున్నది.

ఇప్పటి బ్రాడ్‌బ్యాండ్ చాల భాగము గాజు తంతువుల మీదుగ వచ్చుచున్నది. వెండ్రుక వంటి సన్నని గాజు పోగులో కాంతి ప్రసరించి సంకేతములను మోసికొనిపోవును. ఒక పోగు దారిలో నొక చిన్న పెట్టెలో చీలి ముప్పది రెండు ఇండ్లకో, అరువది నాలుగు ఇండ్లకో పంచబడుట సామాన్య పద్ధతి. ఒకే గొట్టమునుండి వీథిలోని కుళాయిలన్నిటికిని నీరు పోవుట వంటిదే యిది. అందరును ఒకేసారి కుళాయి విప్పినచో ధార సన్నగిల్లును. అందుచేతనే ప్రకటనలలో “100 మెగాబిట్ల వరకు” అని వ్రాయుదురు. ఈ “వరకు” అను చిన్న మాటను గుర్తుంచుకొనుడు. మీకు చెప్పబోవు తగవు దానిమీదనే నడచినది.

ముందుగా, ధరను నిర్ణయించువారెవరు? విద్యుత్తు ధరలను రాష్ట్రమునందలి విద్యుత్ నియంత్రణ మండలి నిర్ణయించును. బ్రాడ్‌బ్యాండ్ సంగతి యట్లు కాదు. టెలిఫోను, అంతర్జాల సేవలను క్రమపరచుటకై 1997లో భారత టెలికాం నియంత్రణ ప్రాధికార సంస్థ ఏర్పడినది. దీనిని ట్రాయ్ అందురు. ఈ సంస్థ బ్రాడ్‌బ్యాండ్ ధరలను నిర్ణయించు పనిని కంపెనీలకే విడిచిపెట్టినది. పోటీ యున్నచో ధర దానంతట అదియే అదుపులో నుండునని దాని తలంపు. కంపెనీలు తమ ధరలను బహిరంగముగ ప్రకటింపవలయును, ట్రాయ్‌కి తెలుపవలయును. ఇంతకు మించి నిర్బంధము స్వల్పమే. కావున “ధర పెరిగినది, అన్యాయము!” అని కేకవేసిన మాత్రమున ప్రయోజనము లేదు. స్తంభముల అద్దె, తెగిన తంతువుల మరమ్మతు, పనివారి జీతములు పెరుగుచుండగా ధర మాత్రము ఎల్లకాలము నిలిచియుండవలెననుట న్యాయము కాదు. ఐతే ఇంతకాలము ధర మారదని మాట యిచ్చి, ఆ కాలము నిండకమునుపే పెంచుట వేరు. మొదటిది వ్యాపారము, రెండవది మాట తప్పుట.

తెనాలిలో మా వీథి చివర, కుట్టుమిషనుతో సంసారమును నడుపుకొను ఒక యామె కలదు. భర్త గతించి కొన్ని సంవత్సరములైనది. కుమార్తె పదవ తరగతి చదువుచున్నది. ఈ కాలమున కుట్టుపనికి కూడ అంతర్జాలము కావలసి వచ్చినది. ఎవరో ధరించిన రవికె చిత్రమును ఫోనులో పంపి “ఇట్లే కుట్టుము” అనువారే యెక్కువ. మా వీథి ఆడపడుచులు కొందరు అమెరికాలో స్థిరపడినారు. వారు పెండ్లిండ్లకు రాబోవు ముందు ఫోనులో ముఖాముఖి మాటలాడి కొలతలు చెప్పుదురు. వారు దిగునప్పటికి రవికెలు సిద్ధముగ నుండవలయును. రాత్రివేళ కుమార్తె ఆ అంతర్జాలముతోనే గణితపాఠములు వినును. ఈ రెండు పనులకై 2024వ సంవత్సరము జూన్ మాసమున ఆమె ఒక పెద్ద సంస్థనుండి బ్రాడ్‌బ్యాండ్ పెట్టించుకొనెను. సంస్థ పేరు ఇచట అనవసరము.

సంస్థవారు ఇంటింటికి పంచిన కరపత్రములో నాలుగు పంక్తులు పెద్ద అక్షరములతో నుండెను. “100 మెగాబిట్ల వరకు వేగము. నెలకు రు. 599 మాత్రమే. పన్ను అదనము. 12 నెలల వరకు ధర మారదు.” ఆమె ఆ కరపత్రమును తన కొలతల పుస్తకములో పెట్టియుంచెను. దాచవలెనను ఉద్దేశముతో కాదు. వెనుకవైపు తెల్లగా నుండుటచే కొలతలు వ్రాసికొనుటకు పనికివచ్చునని. ఏది యెట్లున్నను కాగితము నిలిచినది.

రు. 599 మీద నూటికి 18 వంతున జి.ఎస్.టి. రు. 107.82. మొత్తము రు. 706.82. జూన్ మొదలు అక్టోబరు వరకు ఐదు బిల్లులు ఈ విధముగనే వచ్చినవి. నవంబరు 3వ తేదీన వచ్చిన ఆరవ బిల్లులో మొత్తము రు. 824.82 అని యుండెను. కుమార్తె దానిని విప్పి చూడగా అసలు ధర రు. 699 గాను, పన్ను రు. 125.82 గాను కనబడినది. అనగా నెలకు రు. 118 హెచ్చు. కరపత్రములోని గడువునకు ఇంకను ఏడు మాసములు మిగిలియున్నవి. ఏడు మాసములకు రు. 826. ఉద్యోగస్థుల యింట నిది గొప్ప మొత్తము కాకపోవచ్చును. దినమునకు రెండు రవికెలు కుట్టి బ్రతుకు ఇంట రు. 118 అనగా పూట పని.

ఆమె బిల్లును పట్టుకొని మా యింటికి వచ్చెను. “మాస్టారూ! ఈ నెల నేను పైసయు కట్టను. తీగ కోసికొనిపోయిన పోనిండు” అనెను.

“అమ్మా, తీగ పోయినచో పరీక్షలకు చదువుకొను పిల్ల గతి యేమి? డిశంబరులో రాబోవు పెండ్లి బేరముల గతి యేమి?” అని నేనడిగితిని.

కోపము న్యాయమైనదే కాని, బిల్లు మొత్తమును ఎగవేయుట తెలివిగల మార్గము కాదు. అప్పుడు “మీరు సొమ్ము కట్టలేదు” అను క్రొత్త తప్పు మన నెత్తికి వచ్చును. అసలు తగవు మరుగున పడును. హెచ్చు మొత్తమునే చెల్లించి, “ఆక్షేపణతో చెల్లించుచున్నాను, ధర మారదను మాట ప్రకారము హెచ్చు సొమ్మును తిరిగి యీయవలయును” అని సంస్థవారికి అదేదినమున వ్రాసి పంపుట మేలని చెప్పితిని. ఆమె యట్లే చేసెను.

మరునాడు కుమార్తె సంస్థవారి ఫిర్యాదు కేంద్రమునకు ఫోను చేసినది. ఎత్తిన యువకుడు మర్యాదగనే మాటలాడెను. అతనిని నిందింపరాదు, ధర పెంచినవాడు అతడు కాడు. ఆ పిల్ల విషయమును చెప్పి, ఫిర్యాదు సంఖ్యను అడిగి వ్రాసికొనినది. ఈ సంఖ్య మిక్కిలి ముఖ్యము. ట్రాయ్ 2012లో చేసిన నిబంధనల ప్రకారము ఫిర్యాదు నమోదైన వెంటనే దానికొక సంఖ్య నీయవలయును. దీనిని డాకెట్ సంఖ్య యందురు. సంఖ్య లేని ఫిర్యాదు గాలిలో కలిసిన మాట. “మీ సంగతి గమనించితిమి” అను తీయని పలుకులతో తృప్తిపడి ఫోను పెట్టివేయువారు పిమ్మట ఏమియు రుజువు చేయజాలరు.

మూడు వారముల పిదప సంస్థనుండి ఈ-మెయిల్ వచ్చినది. అందులో మూడు సమాధానములుండెను. ఒకటి: వేగమును 100 నుండి 150 మెగాబిట్లకు పెంచితిమి గనుక ధర పెరిగినది. రెండు: ధరలను ఎప్పుడైనను మార్చు అధికారము సంస్థకు కలదని నిబంధనలలో వ్రాసియున్నది. మూడు: కరపత్రములో “12 నెలల వరకు” అని యుండుటచే పండ్రెండు మాసములు గరిష్ఠ పరిమితి మాత్రమే, అంతకు తక్కువ కాలమునకే ధర మారవచ్చును.

మొదటి దానికి సమాధానము ఆ తల్లియే చెప్పెను. “నేను సాదా రవికెకు వారడుగకుండ జరీ అంచు వేసి, రెట్టింపు కూలి యడిగినచో ఇత్తురా, మాస్టారూ? అంచు విప్పి తీసికొమ్మందురు.” దీనికి ఎదురు చెప్పుట న్యాయవాదికైనను కష్టమే. అడుగని మేలును చేసి దానికి వెల కట్టుట బేరము కాదు. ఇద్దరును ఒప్పుకొనినప్పుడే అది బేరమగును.

రెండవది కొంత చిక్కైనది. ఇట్టి నిబంధనలు దాదాపు ప్రతి ఒప్పందములోను చిన్న అక్షరములతో నుండును. సేవ తీసికొనునప్పుడు “అంగీకరించుచున్నాను” అను గడిని నొక్కనిదే పని జరుగదు. ఐనను నొక్కినంత మాత్రమున అన్నియు చెల్లవు. 2019వ సంవత్సరపు వినియోగదారుల రక్షణ చట్టము “అన్యాయమైన ఒప్పందము” అను దానిని నిర్వచించి, వినియోగదారుని నష్టపరచునట్లు అతనిపై అసమంజసమైన రుసుమును గాని, భారమును గాని, షరతును గాని మోపు ఒప్పందములను అందులో చేర్చినది. పైగా, కరపత్రములో పెద్ద అక్షరములతో ప్రత్యేకముగ చేసిన వాగ్దానమును, వేరొకచోట చిన్న అక్షరములతో సామాన్యముగ వ్రాసిన నిబంధన తుడిచివేయునన్నచో ఆ వాగ్దానమునకు అర్థమేమున్నది? జనులను ఆకర్షించుటకు ఒక మాట, తగవు వచ్చినప్పుడు చూపుటకు మరియొక మాట ఉండరాదు.

మూడవ సమాధానమును చదివినప్పుడు నాకు నవ్వును, ఉత్సాహమును కూడ కలిగినవి. ముప్పది యేండ్లు పిల్లలకు వ్యాకరణము చెప్పినవానికి ఇంతకంటె మంచి విందు దొరకునా? కాని కుమార్తె ముఖము చిన్నబోయినది. “తాతగారూ, వారి మాటలోను కొంత నిజము లేదా? వేగము దగ్గర ‘100 వరకు’ అనిన, తక్కువ కావచ్చునని అర్థము. ఆ ‘వరకు’ ఇచటను అదే గదా?” అని యడిగినది.

ప్రశ్న మంచిదే. ఎదుటివాని వాదమును అతనికంటె చక్కగా చెప్పగలిగినప్పుడే మన సమాధానము గట్టిదగును. కావున ఇద్దరమును కూర్చుండి ఆ మాటను పరిశీలించితిమి.

“వరకు” అను మాట ఒక హద్దును చూపును. పరిమాణముతో కూడినప్పుడు అది మీదిహద్దు. “ఈ గదిలో ఏబదిమంది వరకు కూర్చుండవచ్చును” అనినచో నలుబదిమంది కూర్చుండినను తప్పు లేదు. “100 మెగాబిట్ల వరకు వేగము” అనునది ఇట్టిది. కాలముతో కూడి, ఒక స్థితి కొనసాగునని చెప్పునప్పుడు అది తుదిహద్దు. “అంగడి రాత్రి తొమ్మిది గంటల వరకు తెరచియుండును” అని పలకమీద వ్రాసిన వర్తకుడు ఐదు గంటలకే తలుపు మూసి, “తొమ్మిది అనునది గరిష్ఠ పరిమితి” యని చెప్పినచో ఎవరైనను ఒప్పుకొందురా? ఇక వ్యతిరేక క్రియతో కూడినప్పుడు సందేహమునకు చోటే లేదు. “పరీక్షలు ముగియువరకు ఆటలు లేవు” అని ప్రధానోపాధ్యాయుడు ప్రకటించినచో, పరీక్షల నడుమ ఒకనాడు ఆడుకొనవచ్చునని ఏ విద్యార్థియు అర్థము చేసికొనడు. చేసికొన గోరినను చేసికొనడు! “12 నెలల వరకు ధర మారదు” అనుటలో “మారదు” అనునది వ్యతిరేక క్రియ. “12 నెలల వరకు” అనునది ఆ మారకుండుట యెంతకాలము సాగునో చెప్పుచున్నది. ఒకే కరపత్రమున ఒకే మాట రెండు పంక్తులలో రెండు విధములుగ పనిచేయుట భాషలో వింత కాదు. ప్రక్కనున్న మాటలు దాని పనిని నిర్ణయించును.

ఆ పిల్ల ముఖము వికసించినది. “ఐతే ఇది ఉత్తరములో వ్రాయుదమా?” అనినది. వ్రాయవలసినదే, కాని పాఠమువలె కాదు. తగవు ఉత్తరమునకు పొడవు శత్రువు. చదువువానికి దినమునకు నూరు ఉత్తరములు వచ్చును. తేదీలు, సంఖ్యలు, మాట యేమి, జరిగినదేమి, కావలసినదేమి, ఇంతే చాలును. దూషణ యక్కరలేదు, దీనాలాపమును అక్కరలేదు. ఆమె పేదరికమును గూర్చి ఒక్క ముక్కయు వ్రాయవద్దని నేను చెప్పితిని. అడుగుచున్నది దయ కాదు గదా.

కుమార్తె వ్రాసి, తల్లి వ్రాలు చేసిన ఉత్తరము ఇది:

“అప్పీలు అధికారి గారికి,

అయ్యా,

నేను 2024 జూన్ నుండి మీ చందాదారును. చందా సంఖ్య, డాకెట్ సంఖ్య పైన వ్రాసితిని. ‘నెలకు రు. 599, 12 నెలల వరకు ధర మారదు’ అను మీ కరపత్రమును చూచి ఈ సేవ తీసికొంటిని. దాని నకలు జతపరచితిని. ఆరవ మాసమున ధరను రు. 699 చేసినారు. హెచ్చు వేగమును నేను కోరలేదు. మీ సమాధానములో ‘వరకు’ అనగా గరిష్ఠ పరిమితి యని వ్రాసినారు. ‘మారదు’ అను మాటతో కూడినప్పుడు అది గడువు తుదిని తెలుపును. పండ్రెండు మాసములు నిండకుండ ధర మారదనియే చదువరులందరును గ్రహింతురు. నవంబరు బిల్లును ఆక్షేపణతో చెల్లించితిని.

2025 మే వరకు రు. 599 ధరనే కొనసాగింపవలయుననియు, హెచ్చుగ తీసికొనిన సొమ్మును తిరిగి యీయవలయుననియు కోరుచున్నాను.

ఇట్లు,
చందాదారు.”

అప్పీలు అధికారి యెవరని మీరడుగవచ్చును. పైన చెప్పిన 2012 నిబంధనలలో ఫిర్యాదునకు రెండు మెట్లు కలవు. మొదటిది ఫిర్యాదు కేంద్రము. బిల్లు తగవులను నాలుగు మొదలు ఆరు వారములలో తేల్చవలెనని నియమము. అచట న్యాయము జరుగలేదని తోచినచో ముప్పది దినములలోపల ఆ సంస్థయందలి అప్పీలు అధికారికి చెప్పుకొనవచ్చును. దీనికి రుసుము లేదు. ఆ అధికారికి సలహా నిచ్చుటకు ఇద్దరు సభ్యుల సంఘమొకటి యుండును. అందు ఒకరు సంస్థ తరఫువారు, ఒకరు వినియోగదారుల సంఘము తరఫువారు. ముప్పది తొమ్మిది దినములలో అప్పీలును తేల్చవలయును. ఆ అధికారి సంస్థ జీతము తీసికొనువాడే గదా, అతడు మన పక్షమున నేల పలుకునని కొందరు నిరుత్సాహపడుదురు. ఆ సందేహము నిరాధారమని నేననను. ఐనను క్రింది మెట్టులో చదువకయే త్రోసివేసిన కాగితమును పై మెట్టులో నొకరు చదువవలసివచ్చును. చదివి, కారణముతో ఉత్తరువు వ్రాయవలసివచ్చును. చాల తగవులు అచటనే పరిష్కారమగును.

ట్రాయ్‌కే నేరుగ వ్రాయరాదా యని ఆ తల్లి యడిగెను. ట్రాయ్ నిబంధనలు చేయును గాని, ఒక్కొక్క చందాదారు తగవును విచారించి తీర్పు చెప్పదు. వచ్చిన ఫిర్యాదును ఆ సంస్థకే పంపును.

అప్పీలును డిశంబరు 2వ తేదీన పంపితిమి. సమాధానము కొరకు ఎదురుచూచుచుండగా, అదియు విఫలమైనచో చేయదగిన దేమియని ఆలోచించి యుంచితిమి. 1915 అను సంఖ్యకు ఫోను చేసినచో జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రము పలుకును. అది సంస్థతో మాటలాడి రాజీకి ప్రయత్నించును. ఆ పైన జిల్లా వినియోగదారుల కమిషను కలదు. మన దేశమున వినియోగదారుల రక్షణకు మొదటి చట్టము 1986లో వచ్చినది. దాని స్థానమున వచ్చిన 2019 చట్టము 2020 జులై 20 నుండి అమలులోనికి వచ్చినది. క్రొత్త చట్టమునందలి ఒక మేలు ఏమనగా, సంస్థ కార్యాలయము ఏ మహానగరమున నున్నను, ఫిర్యాదుదారు తాను నివసించు జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చును. చెల్లించిన మూల్యము ఐదు లక్షల రూపాయలకు మించనిచో రుసుము లేదు. న్యాయవాది లేకయే తన మాట తాను చెప్పుకొనవచ్చును. తగవు పుట్టిన రెండేండ్లలోపల వేయవలయును.

టెలిఫోను తగవులు ఈ కమిషనుల ముందుకు రావచ్చునా యను ప్రశ్న మీద పెద్ద చరిత్రయే కలదు. టెలిఫోను బిల్లు తగవులను 1885వ సంవత్సరపు టెలిగ్రాఫు చట్టము ప్రకారము మధ్యవర్తి విచారణకే పంపవలయునని 2009లో సుప్రీంకోర్టు చెప్పెను. ఆ తీర్పును చూపి చాల ఫిర్యాదులను త్రోసివేసిరి. 2022 ఫిబ్రవరి 16వ తేదీన సుప్రీంకోర్టే, టెలిఫోను సేవ కూడ వినియోగదారుల చట్టములోని “సేవ” యను మాటలో చేరుననియు, టెలిగ్రాఫు చట్టము వినియోగదారుని హక్కును హరింపదనియు స్పష్టము చేసెను. చూచితిరా, అచటను తగవు ఒక మాట అర్థముమీదనే నడచినది.

గుంటూరునకు పోవలసిన యవసరము ఆ తల్లికి కలుగలేదు. 2025 జనవరి 6వ తేదీన అప్పీలు ఉత్తరువు వచ్చినది. “వరకు” అను మాటను గూర్చి అందులో ఏమియు లేదు. “చందాదారు సంతృప్తిని దృష్టిలో నుంచుకొని” 2025 మే మాసాంతము వరకు పాత ధరనే కొనసాగింతుమనియు, నవంబరు, డిశంబరు, జనవరి బిల్లులలో హెచ్చుగ తీసికొనిన సొమ్మును తరువాతి బిల్లులో తగ్గింతుమనియు వ్రాసినారు. తమ అర్థము తప్పని ఒప్పుకొనకుండ సొమ్ము మాత్రము తిరిగి యిచ్చుట సంస్థలకు పరిపాటి. ఆ తల్లికి సొమ్ము చాలును. నాకు మాత్రము ఆ వ్యాకరణ చర్చకు సమాధానము రానందుకు కొంచెము చింత కలిగినది. వేగమును మరల 150 నుండి 100కు తగ్గించిరి. ఆ యింటిలో నెవరును ఆ భేదమును గుర్తింపలేదు.

ఫిబ్రవరి బిల్లులో రు. 300 తగ్గింపు కనబడినది. తల్లి సంతోషించి ఫోనును పెట్టెలో పెట్టబోగా కుమార్తె ఆపినది. “అమ్మా, నెలకు నూరు చొప్పున మూడు నూర్లు ఇచ్చిరి. నీవు కట్టిన హెచ్చు నూట పదునెనిమిది గదా? ఆ నూరు మీద వేసిన పన్ను ఏది?” అనినది. పదునెనిమిది చొప్పున మూడు మాసములకు రు. 54. ధర తగ్గినచో ఆ ధర మీది పన్నును తగ్గవలసినదే. ఈసారి ఆ పిల్ల నన్ను అడుగలేదు. పాత డాకెట్ సంఖ్యను, ఉత్తరువు తేదీని ఉదహరించి తానే నాలుగు పంక్తుల ఉత్తరము వ్రాసి పంపి, పంపిన పిదప నాకు చూపినది. మార్చి బిల్లులో ఆ రు. 54 తగ్గింపబడినవి.

2025 జూన్ మాసమున పండ్రెండు మాసములును నిండినవి. సంస్థవారు నెల ముందుగనే తెలిపి ధరను రు. 699 చేసిరి. దీనిమీద తగవు లేదు. తల్లియు కూతురును లెక్క చూచుకొని, తమ పనులకు 50 మెగాబిట్లు చాలునని నిశ్చయించి, తక్కువ ధర పథకమునకు మారుదుమని తెలిపిరి. క్రొత్త కరపత్రములో ధర మారని గడువు ఏదియు లేదు. సంస్థ తరఫున వచ్చిన కుఱ్ఱవాడు “ఆరు నెలల దాక మారదండీ” అని నోటిమాటగ చెప్పెను. ఆ తల్లి కుట్టుమిషనును ఆపి, ఆ మాటను తేదీతోసహా ఈ-మెయిల్‌లో వ్రాసి పంపుమని యడిగి, అది తన ఫోనునకు వచ్చి చేరిన పిదపనే సరే యనెను.